చీర పదిహేను వందలు, బ్యాంకులో పన్నెండు వందల ఇరవై

కర్నూలులో వ్యాపారం చేసేవాళ్లకు రాష్ట్ర సరిహద్దు ఎక్కడో దూరాన లేదు. తుంగభద్ర వంతెన దాటితే అలంపురం వైపు తెలంగాణ. ఆదోని, మంత్రాలయం దాటి పడమటికి పోతే కర్ణాటక. పెళ్లి సంబంధాలకు, పండగ బట్టలకు, ఆసుపత్రులకు జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఆ రాకపోకల్లో సరిహద్దు ఎవరికీ గుర్తుకు రాదు, జీఎస్టీ బిల్లు రాసేటప్పుడు మాత్రం గుర్తుపెట్టుకోక తప్పదు. ఎమ్మిగనూరు చీర నంద్యాలకు పంపితే బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండున్నర శాతం చొప్పున రెండు వరుసలు. అదే చీర గద్వాలకు పంపితే ఐదు శాతం ఐజీఎస్టీ, ఒకటే వరుస. ఇది పొరపాటుగా పడితే ఒక ఖాతాలో కట్టిన పన్ను ఇంకో ఖాతాలో బాకీగా మిగులుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది రిజిస్ట్రేషన్ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నంబరు అక్కర్లేదు. తెలంగాణలో ఆ గీత 20 లక్షల దగ్గరే ఉంది. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉన్నా, పన్ను పడే మామూలు సరుకును పక్క రాష్ట్రానికి అమ్మాలంటే మొదటి పార్శిల్ నుంచే నంబరు కావాలి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి వేదికల మీద అమ్మేవాళ్లకూ టర్నోవరుతో నిమిత్తం లేకుండా నంబరు తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లకు సడలింపు ఇచ్చారు. కర్నూలులో కూర్చుని తెలంగాణకు, కర్ణాటకకు అమ్మకుండా ఆన్‌లైన్ వ్యాపారం చేయడం ఎవరికి సాధ్యం? ఒక శాతం కట్టి ఊరుకునే కాంపొజిషన్ పథకం కూడా రాష్ట్రం దాటి అమ్మేవాళ్లకు వర్తించదు.

అందువల్ల కర్నూలు, కడప ప్రాంతాల్లో లెక్కల గొడవ వ్యాపారం పెరిగాక వచ్చేది కాదు, మొదటి నెలలోనే తలుపు తడుతుంది. మాధవరం చీరలు వాట్సాప్‌లో చూపించి అమ్మే అక్కకు, జొన్నరొట్టెలూ బుడ్డల పొడీ కొరియర్ చేసే కుటుంబానికి, సోనామసూరి బియ్యం సంచులు బెంగళూరు అపార్ట్‌మెంట్లకు పంపే కుర్రాడికి ఒకటే ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? ఆడిటర్ గారిని అడిగితే టాలీ అంటారు. తోటి అమ్మకందారులను అడిగితే ఫోన్ యాప్ పేరు చెబుతారు, వ్యాపార్ అనో, మైబిల్‌బుక్ అనో, కాస్త చదువుకున్నవాళ్లయితే జోహో బుక్స్ అనో. రెండు సలహాల్లోనూ నిజం ఉంది. కానీ ఆడిటర్ గారు తన పని సులువయ్యే దారి చెబుతున్నారు, తోటివాళ్లు తమ పని సులువయ్యే దారి చెబుతున్నారు. అడిగిన మనిషి పని ఏమిటో ముందు తేల్చుకోవాలి.

ఆ పని బిల్లు వేయడం అని చాలామంది అనుకుంటారు. రంగు రంగుల బిల్లు, పైన లోగో, కింద క్యూఆర్ కోడ్ చూసి యాప్‌ను ఎంచుకుంటారు. పెద్ద వేదికల మీద అమ్మేవాళ్లకు బిల్లును ఆ వేదికే అమ్మకందారు పేరుతో తయారుచేసి ఇస్తుంది. అసలు చిక్కు బిల్లు తర్వాత, డబ్బు చేతికొచ్చేటప్పుడు మొదలవుతుంది.

ఒక చీరను పన్నుతో కలిపి 1,500 రూపాయలకు అమ్మారనుకుందాం. అందులో చీర ధర 1,428.57, జీఎస్టీ 71.43. వేదిక కమిషన్ 150 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 27. రవాణా ఖర్చు 80, దాని మీద జీఎస్టీ 14.40. ఈ కమిషన్, రవాణా అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, వేదికను బట్టి మారతాయి. ఆపైన వేదిక జీఎస్టీ కింద అర శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. 2024 జూలై 10కి ముందు ఇది ఒక శాతం ఉండేది. ఇక్కడ అది 7.14. ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్, అంటే రూపాయిన్నర లోపు. సొంత పేరుతో అమ్మే మనిషికి ఒక వేదిక మీద ఏడాది అమ్మకం 5 లక్షల లోపు ఉండి, పాన్ గానీ ఆధార్ గానీ ఇచ్చి ఉంటే ఈ టీడీఎస్ ఉండదు. అన్నీ పోగా బ్యాంకులో పడేది 1,220 రూపాయలు. అదీ ఒక్కో చీరకు విడిగా పడదు. వారానికో పది రోజులకో, యాభై ఆర్డర్లు, ఎనిమిది రిటర్నులు కలిసి ఒకే మొత్తంగా వచ్చి పడుతుంది.

ఇప్పుడు ఆ 1,220నే అమ్మకంగా రాసుకుంటే ఏమవుతుంది? వేదిక ప్రతి నెలా జీఎస్టీఆర్-8లో ఆ చీర అసలు విలువను ప్రభుత్వానికి చెబుతుంది. మన రిటర్నులో అంతకన్నా తక్కువ కనిపిస్తుంది. తేడా ఎందుకొచ్చిందో చెప్పమని నోటీసు వస్తుంది. కమిషన్ మీద, రవాణా మీద కట్టిన 41.40 రూపాయల జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకునే హక్కు ఉంది, అది పోతుంది. టీసీఎస్ 7.14 కూడా పోర్టల్‌లోకి వెళ్లి ఒప్పుకుంటేనే మన నగదు ఖాతాలోకి వస్తుంది, ఎవరూ చూడకపోతే అక్కడే పడి ఉంటుంది. నెలకు వంద ఆర్డర్లున్న మనిషికి ఈ రెండూ కలిపి దాదాపు 4,850 రూపాయలు. ఎండనకా వాననకా పార్శిళ్లు కట్టి పంపే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. సాఫ్ట్‌వేర్‌ను తూచవలసింది ఈ లెక్క దగ్గరే అని నా నమ్మకం.

టాలీ ఈ తూకంలో ఎలా నిలబడుతుంది? బెంగళూరులో 1986లో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టిన సంస్థ అది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది. చిట్టా, ఆవర్జా, జమా ఖర్చుల పద్ధతి తెలిసిన గుమాస్తాకు టాలీ కొత్తగా అనిపించదు, ఎందుకంటే ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే జంట పద్దు నియమాన్ని అది ఎక్కడా తప్పదు. ఎఫ్8 నొక్కితే అమ్మకం, ఎఫ్9 కొనుగోలు, ఎఫ్7 జర్నల్. మౌస్ ముట్టకుండా రోజు పద్దులన్నీ ఎక్కించే పిల్లలు కర్నూలులోనూ కడపలోనూ వీధికొకరు దొరుకుతారు. బీకాం చదివి టాలీ కోర్సు చేసినవాళ్లకు నంద్యాల రైస్ మిల్లులోనో, ఆదోని పత్తి కమిషన్ దుకాణంలోనో, ప్రొద్దుటూరు బంగారం అంగడిలోనో మొదటి ఉద్యోగం దొరికేది ఆ కోర్సు వల్లే. ఇది సాఫ్ట్‌వేర్ గుణం కాదు, ఊరి బలం. రాసే మనిషి మానేసినా మర్నాడు ఇంకో మనిషిని కూర్చోబెట్టవచ్చు. ఏ యాప్‌కూ మన ఊళ్లలో ఇంకా ఇంత అండ లేదు.

ఇక వేదిక కలిపి పంపే ఆ మొత్తం లెక్క, అంటే సెటిల్‌మెంట్ లెక్క. టాలీలో దాన్ని చాలా శుభ్రంగా రాయవచ్చు. కమిషన్‌కు ఒక ఖాతా, రవాణాకు ఒకటి, టీసీఎస్‌కు ఒకటి, టీడీఎస్‌కు ఒకటి తెరిచి, వేదికను ఒక బాకీదారుగా పెట్టి, వచ్చిన సొమ్ముతో ఆ బాకీ తీరుస్తూ పోవచ్చు. ఇప్పటి టాలీప్రైమ్ ఎక్సెల్ ఫైలును కూడా తీసుకుంటుంది. ఆచరణలో మాత్రం ఆర్డరుకో పద్దు ఎవరూ రాయరు. నెలాఖరున గుమాస్తా వేదిక ఇచ్చిన రిపోర్టు తెచ్చుకుని, రాష్ట్రానికో మొత్తం చొప్పున గుండుగుత్తగా వేసేస్తాడు. పన్ను వరకు అది సరిపోతుంది. మామూలు కొనుగోలుదారులకు అమ్మిన చిన్న అమ్మకాలను జీఎస్టీఆర్-1లో రాష్ట్రాలవారీ మొత్తాలుగానే అడుగుతారు, 2024 జనవరి నుంచి ఏ వేదిక ద్వారా ఎంత అమ్మారో 14వ పట్టికలో చెప్పమంటున్నారు. గుండుగుత్త పద్దుతో రెండూ నిండుతాయి. కానీ ఆ పద్దులో చీర కనిపించదు. ఏ రంగు చీరలు ఎక్కువ తిరిగొస్తున్నాయో, ఏ ఊరికి క్యాష్ ఆన్ డెలివరీ పెడితే పార్శిల్ తీసుకోకుండా వెనక్కి పంపుతున్నారో, రానూపోనూ ఖర్చు తీసేస్తే ఏ రకం మీద నష్టం వస్తోందో కనిపించదు. ప్రభుత్వానికి కావలసిన లెక్క సిద్ధమవుతుంది, వ్యాపారికి కావలసిన లెక్క మిగిలిపోతుంది.

దీనికి తోడు టాలీ ఉండేది ఆడిటర్ ఆఫీసు కంప్యూటర్‌లో. "కాగితాలు తెచ్చియ్యమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అన్న మాట వినడానికి హాయిగానే ఉంటుంది. ఆ హాయి వల్లనే మన దగ్గర ఎంతోమందికి తమ వ్యాపారంలో లాభం ఎంతో ఏడాదికొకసారి, అదీ ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు తెలుస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్లు నడిపే వ్యాపారాల్లో. చీర ఎంపిక, ఫోటో, బేరం, ప్యాకింగ్ అన్నీ ఆమెవి. లెక్క మాత్రం భర్త ద్వారానో మరిది ద్వారానో ఆడిటర్ దగ్గరకు పోతుంది, జవాబు కూడా ఆ దారినే తిరిగి వస్తుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఫోన్ యాప్ తెచ్చిన అసలు మేలు ఇక్కడుంది. రాత్రి పార్శిళ్లు కట్టేశాక, ఈ రోజు ఎంత అమ్మాను, ఎంత రావాలి, ఎన్ని చీరలు మిగిలాయి అని తన ఫోన్‌లో తానే చూసుకోగలుగుతుంది. కంప్యూటర్ అక్కర్లేదు, గుమాస్తా అక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు.

యాప్‌ల పక్షాన ఇంకో గట్టి సాక్ష్యం ఈ నేల మీదే ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచెత్తాయి. పాతబస్తీ అంగళ్లలో సరుకుతో పాటు లెక్కల పుస్తకాలు, కంప్యూటర్లు బురదలో కలిశాయి. ఎవరు ఎంత బాకీయో చెప్పే కాగితం లేకుండా పోయిన వ్యాపారికి సరుకు నష్టం ఒకటి, రావలసిన డబ్బు నష్టం ఇంకొకటి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డున పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. కరువు సీమ అని పేరున్నచోట వరద ఇంత పని చేసింది. ఒకే ఒక హార్డ్ డిస్క్‌లో లెక్క దాచుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. క్లౌడ్‌లో ఉన్న లెక్క నీళ్లకు తడవదు. టాలీ వాడేవాళ్లు రోజూ బ్యాకప్ తీసి ఇంకోచోట పెడితే అదే రక్షణ వస్తుంది, కానీ రోజూ తీసేవాళ్లు ఎందరు?

ఇంతవరకు విన్నవాళ్లు యాప్ వైపే మొగ్గుతారు. నేనూ మొగ్గుతాను, కానీ కొన్ని షరతులతో.

మొదటి షరతు లెక్క దాచుకోవడం గురించి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచిపెట్టాలి. ఆరేళ్లు. నెలకో ఏడాదికో చందా కట్టే యాప్‌కు మూడో ఏట చందా ఆపేస్తే ఏమవుతుంది? యాప్ కంపెనీయే చేతులు మారితే? ఫోన్ నంబరుతో తెరిచే యాప్‌లో ఆ నంబరు పనిలో పెట్టుకున్న కుర్రాడిదైతే, అతను మానేసి పోతే? టాలీ శాశ్వత లైసెన్సుకు ఇక్కడ స్పష్టమైన ఆధిక్యం ఉంది. ఒక కంప్యూటర్‌కు ఇచ్చే సిల్వర్ లైసెన్సు ధర 22,500 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 26,550 చూశాం. ఏటా కట్టే సేవా రుసుం ఆపేస్తే కొత్త మార్పులు రావు, అయినా పాత లెక్క తెరుచుకుంటుంది, డేటా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. కొత్తగా వ్యాపారం పెట్టిన మనిషికి 26 వేలు పెద్ద మొత్తమే, ఆ డబ్బుతో మంచి చీరలు కొనుక్కోవచ్చు. కానీ ఆరేళ్ల చందాలు కూడి చూస్తే తేడా మొదట కనిపించినంత ఉండకపోవచ్చు. ధర పట్టిక చూసేటప్పుడు ఒక్క ఏడాదికి కాక ఆరేళ్లకు లెక్క వేయాలి.

రెండో షరతు దిద్దుబాట్ల గురించి. చాలా ఫోన్ యాప్‌లలో పాత బిల్లు తెరిచి అంకె మార్చేయడం, తీసేయడం చాలా తేలిక. ఆ తేలికతనం మొదట్లో వరంలా ఉంటుంది. ఏప్రిల్‌లో రిటర్ను వేశాక జూన్‌లో ఎవరో ఏప్రిల్ బిల్లును సరిచేస్తే, పుస్తకం ఒకటి చెబుతుంది, ప్రభుత్వం దగ్గరున్న రిటర్ను ఇంకొకటి చెబుతుంది. వెనక్కి వచ్చిన సరుకుకు పాత బిల్లు చెరపకూడదు, క్రెడిట్ నోట్ రాయాలి, అదీ మరుసటి ఆర్థిక సంవత్సరం నవంబరు 30లోగా రిటర్నులో చూపాలి. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ ఎవరు ఎప్పుడు చేశారో నమోదయ్యే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. సొంత పేరుతో వ్యాపారం చేసేవాళ్లకు ఆ నియమం లేదు. నియమం లేకపోయినా అలాంటి నమోదు ఉన్నదాన్నే తీసుకోవాలి. నలుగురు ముట్టుకునే లెక్కలో అది ఇంటి శాంతికి కూడా మంచిది.

మూడోది రేట్ల మార్పు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. రెడీమేడ్ బట్టల్లో 5 శాతం పరిమితి వెయ్యి రూపాయల నుంచి 2,500కు పెరిగింది, అంతకు మించితే 18 శాతం. చీరకు బ్లౌజ్ కుట్టించి, డ్రెస్సులు కూడా కలిపి అమ్మేవాళ్లకు రాత్రికి రాత్రి వస్తువుల పట్టిక అంతా మార్చాల్సి వచ్చింది. బియ్యానికైతే 2022 జూలై 18 నుంచి ఇంకో చిత్రమైన గీత ఉంది. ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు సంచికి 5 శాతం పన్ను, 25 దాటితే లేదు. అందుకే అంగళ్లలో 26 కిలోల సంచులు వచ్చాయి. ఒకే సోనామసూరిని సాఫ్ట్‌వేర్‌లో రెండు వస్తువులుగా పెట్టుకోవాలి. ఇలాంటి మార్పులు ఎప్పటికప్పుడు తెచ్చుకోవడంలో క్లౌడ్ వాటికి మొగ్గు ఉంది. అయితే ఏ వస్తువుకు ఏ రేటో తేల్చేది సాఫ్ట్‌వేర్ కాదు, దానికి ఆడిటర్ గారి మాట కావాలి. మొదటి పట్టిక మాత్రం ఆయన పక్కన కూర్చునే పెట్టుకోవాలి.

అసలు సాఫ్ట్‌వేరే వద్దు, నోటు పుస్తకం, ఎక్సెల్ చాలు అనేవాళ్లున్నారు. వాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. డిజిటల్ వసూళ్ల మీద ఆరు శాతం లాభం చూపి ఆదాయపు పన్ను కట్టే ఊహాజనిత పద్ధతిలో పూర్తి పుస్తకాలు అక్కర్లేదు. నెలకు ఇరవై ముప్ఫై ఆర్డర్లున్న మనిషికి మంచి ఎక్సెల్ షీటు, పోర్టల్ ఇచ్చే ఉచిత ఆఫ్‌లైన్ టూల్ సరిపోతాయి. కానీ ఆదాయపు పన్నుకు వదిలేసిన పుస్తకాన్ని జీఎస్టీ చట్టం వదల్లేదు. 2025 జూలైలో కర్ణాటకలో ఏం జరిగిందో చూశాం. యూపీఐ వసూళ్ల ఆధారంగా అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. బెంగళూరు అంగళ్లలో క్యూఆర్ బోర్డులు తీసేసి నగదే ఇమ్మన్నారు. వాళ్లలో కూరగాయలు, పాలు లాంటి పన్ను లేని సరుకు అమ్మినవాళ్లూ ఉన్నారు. ఏ వసూలు ఏ సరుకుదో చూపే పద్దు ఉన్నవాడికి జవాబు చెప్పడం ఒక పూట పని. లేనివాడికి అది నెలల భయం. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బు, అమ్మకం డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయినవాళ్లకు మరీ కష్టం. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, అంతకన్నా ముందు వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవాలి.

ఇక నా తీర్పు. అప్పు అమ్మకాలు, గోదాము, హోల్‌సేల్, పనివాళ్లు ఉండి, పక్కన ఆన్‌లైన్ కూడా నడిపే అంగడికి టాలీయే మేలు. అలాంటిచోట గుమాస్తా ఎలాగూ ఉంటాడు, ఆ లోతు కావాలి. ఇంటి నుంచి, ఫోన్ మీద, నెలకు వంద రెండు వందల ఆర్డర్లు పంపే మనిషికి క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మేలు, అందులోనూ ఉత్త బిల్లుల యాప్ కాకుండా జంట పద్దు నడిపేది, ఆడిటర్‌కు విడిగా లాగిన్ ఇవ్వగలిగేది. చిన్న టర్నోవరు ఉన్నవాళ్లకు జోహో లాంటి సంస్థలు ఉచిత ప్లాన్ కూడా పెట్టాయి. తెన్‌కాశి లాంటి చిన్న ఊరి నుంచి కూడా పనిచేసే జోహో కర్నూలు, కడప ఆడిటర్ ఆఫీసుల దాకా ఇంకా గట్టిగా చేరలేదు, అది చేరితే ఈ పోలికే మారిపోతుంది. అప్పటిదాకా ఆడిటర్ గారికి టాలీలోకి ఎక్కించుకునే ఫైలు నెలనెలా ఇవ్వాలి, అది కుదరని యాప్‌ను ఎంత చవకైనా తీసుకోకూడదు. ఆడిటర్ "నాకు అలవాటు లేదు" అంటే ఆ అలవాటు కోసం యజమానురాలు తన లెక్కను తన కళ్లకు దూరం చేసుకోనక్కర్లేదు. రుసుం కట్టేది ఆమే.

కొనే ముందు ఒక పరీక్ష పెట్టి చూడాలి. ఈ సాఫ్ట్‌వేర్లన్నిటికీ కొన్నాళ్లు ఊరికే వాడుకునే అవకాశం ఉంటుంది. గడిచిన నెల సెటిల్‌మెంట్ రిపోర్టు ఒకటి, అందులో కనీసం రెండు రిటర్నులు, ఒక తెలంగాణ ఆర్డరు ఉన్నది తీసుకుని పూర్తిగా ఎక్కించాలి. చివర్లో వేదిక మీద బాకీ ఎంత చూపిస్తోందో, బ్యాంకులో పడింది ఎంతో పైసలతో సహా సరిపోవాలి. ఆ తర్వాత మొత్తం డేటాను ఎక్సెల్‌లోకి దించి, దాన్ని ఆడిటర్ కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. ఈ పని ఫిబ్రవరి, మార్చిలో చేసుకుంటే మంచిది. ఏప్రిల్ 1న బిల్లు నంబర్ల వరుస కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు, పాత నిల్వలు ఒకేసారి కొత్త పుస్తకంలోకి తెచ్చుకోవచ్చు. నడి సంవత్సరంలో మారితే సగం లెక్క ఒకచోట, సగం ఇంకోచోట ఉండి, ఆరేళ్ల పాటు రెండు సాఫ్ట్‌వేర్లనూ కాపాడుకోవాల్సి వస్తుంది.